తొలిమూర

పోలీసులు వచ్చేసరికి వజ్రమ్మ వేళ్లకు గమ్ము అంటుకొని ఉంది. నేల మీద పరిచిన చీరకొంగులో సగం పువ్వుకు రాళ్లు అంటించి, మిగతా సగానికి డబ్బాలోంచి ఆకుపచ్చ రాళ్లు ఏరుకుంటోంది. గమ్ము ఆరితే రాయి నిలవదు. అందుకే గుమ్మంలో నీడ పడినా తలెత్తలేదు. పక్కింటి చిన్నవ్వ అయ్యుంటుందనుకుంది.

"రాజమౌళి కా ఘర్ యహీ హై క్యా?"

గుమ్మంలో ఇద్దరు ఖాకీవాళ్లు. ముందున్న జమాదారు నడివయసు మనిషి, మెట్లెక్కిన ఆయాసంతో మెడ తుడుచుకుంటున్నాడు. వెనక పడుచు కానిస్టేబులు ఫోను ఎత్తిపట్టి తలుపు మీది నంబరు వీడియో తీస్తున్నాడు. వాళ్ల వెనక కింది అంతస్తులో కిరాణా నడిపే ఓంప్రకాష్, పాలు పోసే అతనూ నిలబడి ఉన్నారు. ఇద్దరూ సాక్షులట. ఆ సాక్ష్యం దేనికో వాళ్లకే తెలిసినట్టు లేదు.

భర్త రాజమౌళితో పాటు మగ్గాల మీద పనిచేసే ఒకతను పొద్దునే ఫోన్ చేసి సంగతి చెప్పాడు. కార్ఖానాలో తాకాలు, అంటే మగ్గం మీంచి దిగిన నిండు గుడ్డ చుట్టలు, కొన్ని పోయాయని సేఠ్ కొడుకు ఫిర్యాదు ఇచ్చాడట. ఆ షిఫ్టువాళ్లను అడగడానికి చౌకీకి తీసుకుపోయారు, సాయంత్రానికి వదిలేస్తారు అన్నాడు. ఆ చివరి మాటను గట్టిగా పట్టుకునే వజ్రమ్మ చీర ముందేసుకుని కూర్చుంది. చీరలు తీసుకుపోయే టెంపో వచ్చేసరికి కట్ట సిద్ధంగా లేకపోతే రేపటినుంచి ఆ పని ఇంకో ఇంటికి పోతుంది.

ఆమె గబగబా లేచి చీర పక్కకు జరిపింది. "రండి సాబ్, లోపలికి రండి," అంది వచ్చీరాని హిందీలో. ఉన్న ఒక్క కుర్చీ వేసింది. చెంబు కడిగి నీళ్లు తెచ్చింది. ఏ కాగితం తెచ్చారని అడగలేదు. అడగవచ్చని ఆమెకు తెలియదు. తెలిసినా అడిగేది కాదేమో. తప్పు చేయనివాళ్లు తలుపు బార్లా తెరవాలని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఆమెకు ఎవరు నేర్పారో గానీ, వాళ్లు పోలీసు చౌకీ గడప ఎన్నడూ తొక్కి ఉండరు.

చూడటానికి ఇంట్లో ఏముంది? ఒక గది, ఒక వంటిల్లు. జమాదారు అల్మారా తీసి మూశాడు. బియ్యం డబ్బా మూత ఎత్తి చూసి, తానే సిగ్గుపడ్డట్టు మళ్లీ పెట్టాడు. చీరల కట్టలు తట్టి చూస్తే, అవి రాళ్ల పనికి వచ్చిన షావుకారి చీరలని వజ్రమ్మ చెప్పింది. ఆయన తల ఊపాడు. మంచం పక్కన రేకు పెట్టె ఉంది. పెట్టెకు పసుపు బొట్లు, పైన మార్కండేయుడి పటం, పటం ముందు ఆరిపోయిన ఊదుబత్తి. ఆయన అటు చేయి చాచబోయి ఆగాడు.

"భగవాన్ కా హై?"

"అవును సాబ్."

"రెహ్‌నే దో," అని చేయి వెనక్కి తీసుకున్నాడు. ఫోను పట్టుకున్న కుర్రవాడికి అయిపోయిందన్నట్టు సైగ చేశాడు. గుమ్మం దాకా వెళ్లాడు కూడా. చెప్పు వేసుకోవడానికి ఒక కాలు ఎత్తాడు.

అప్పుడు వజ్రమ్మ నోరు తెరిచింది.

"అది సుత తెరిచి చూడండి సాబ్. చూడకుంటే మీ మనసుల అనుమానం ఉంటది. మా ఇంట్ల దాచేది ఏమీ లేదు."

ఆమె పటాన్ని కళ్లకద్దుకొని మంచం మీద పెట్టింది. పుస్తెలతాడుకు కట్టుకున్న తాళంచెవితో పెట్టె తీసింది. కర్పూరం, పసుపు కలిసిన వాసన గదంతా వచ్చింది. లోపల మడతలు. తెల్లవి, గంధం రంగువి, గులాబివి, ఒక్కొక్కటీ మూరెడు గుడ్డ, కొసలకు పసుపు రాసి, ఇస్త్రీ చేసినంత నున్నగా పేర్చిన మడతలు. వాటిని అలా పేర్చడం ఆమెకు పండగరోజు పని. ఇంకొకరికి చూపించే అవకాశం రావడం ఇదే మొదలు కావడంతో, నిజం చెప్పాలంటే, ఆమెకు కొంచెం గర్వంగానే ఉండింది.

"ఏమిటివి?"

"తొలిమూర సాబ్."

మగ్గం మీదికి కొత్త బీమ్, అంటే పడుగు దారాలు చుట్టిన దూలం, ఎక్కించినప్పుడు పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ముడి వేస్తారు. ఆ ముళ్లు దాటి వచ్చే మొదటి మూర గుడ్డ నూనె మరకలతో, వంకర నేతతో వస్తుంది. దాన్ని తాకాలో కలపరు, కోసి చిందీ పేలికల సంచిలో పడేస్తారు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన నేతగాళ్లు మాత్రం పడేయరు. అది దేవుడి వాటా. ఇంటికి తెచ్చి, మరక పోయేదాకా ఉతికి, పసుపు పెట్టి దాస్తారు. ఇరుగుపొరుగున ఎవరింట్లో బిడ్డ పుట్టినా తలా ఒక తొలిమూర ఇచ్చి బొంత కుట్టిస్తారు. పోయిన పెద్ద సేఠ్ బతికున్నన్నాళ్లూ, కొత్త బీమ్ ఎక్కితే ఆయనే కత్తెర తెచ్చి ఇచ్చేవాడు.

ఇదంతా వజ్రమ్మ హిందీలో చెప్పాలని చూసింది. ముడికీ మూరకూ మాట దొరకలేదు. దేవుడు అన్న మాట దొరికింది, బిడ్డ అన్న మాట దొరికింది.

"ఇవి ఎక్కడివి?" అన్నాడు జమాదారు. ఆయన చెప్పు విప్పి మళ్లీ లోపలికి వచ్చాడు.

"కార్ఖానాలవే సాబ్. మా ఆయన తెచ్చిండు."

"ఇంకోసారి చెప్పు. వీడియోలో రావాలి."

ఫోను దగ్గరికి వచ్చింది. సరిగ్గా వినపడాలని వజ్రమ్మ గొంతు పెంచి, అదే మాట నిదానంగా చెప్పింది.

జమాదారు చొక్కా జేబులోంచి చిన్న గుడ్డ పేలిక తీశాడు. సేఠ్ కొడుకు ఇచ్చిన నమూనా, ఒక్కో కార్ఖానాకు ఒక్కో అంచు గుర్తు. దాని అంచులో రెండు ఆకుపచ్చ పోగులు, నడుమ ఒక ఎర్ర పోగు. పెట్టెలోంచి పై మడత తీసి అంచు పక్కన పెట్టి చూశాడు. రెండు ఆకుపచ్చ, నడుమ ఒకటి ఎరుపు. కింది మడత తీశాడు. అదే.

ఆ తరవాత ఆయన గొంతు మారలేదు, కోప్పడలేదు. కుర్చీలో కూర్చొని పంచనామా రాశాడు. ఓంప్రకాష్ తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. పాలతను కూడా పెట్టాడు. గుడ్డలు మోసుకుపోవడానికి సంచి లేకపోయేసరికి పెట్టెతో సహా ఎత్తారు.

"మా ఆయనను సాయంత్రం వదుల్తరు గద సాబ్?"

జమాదారు గుమ్మంలో ఆగాడు. "వదిలేసేవాళ్లమే," అన్నాడు. "ఏమీ దొరక్కపోయి ఉంటే."

ఊళ్లో అడాజన్ వైపు ఉండే సుభాషిణి బ్యాంకు ఆఫీసరు. బతుకమ్మకు చీరలకు లేసులు కుట్టించుకోవడంతో వజ్రమ్మకు పరిచయమైంది. మర్నాడు ఫోనులో సంగతి విని ఆమె మొదట అడిగిన మాట, "వారెంటు చూపించారా?"

"అదేంది మేడం?"

"కోర్టు ఇచ్చే కాగితం. ఇల్లు వెతకడానికి. చూపించలేదా? అయితే వాళ్లు రావడమే తప్పు వజ్రమ్మా. మీరు భయపడకండి. నేను సెలవు పెట్టి వస్తాను."

ఆ ఒక్క మాటతో వజ్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. వారెంటు, వారెంటు అని దారి పొడుగునా బస్సులో నోట్లో నానేసుకుంది, వకీలు ముందు తప్పుగా పలకకూడదని. వాళ్లు కాగితం తేలేదు. కాబట్టి పెట్టె తిరిగి ఇవ్వాలి, మనిషినీ తిరిగి ఇవ్వాలి. ఇంత సులువైన లెక్క రాత్రంతా తనకెందుకు తోచలేదా అనుకుంది.

కోర్టు దగ్గర సందులో వకీలు గది. గుజరాతీ మనిషి, ముసలివాడు, విసుగులేని వాడు. సుభాషిణి చెప్పిందంతా విన్నాడు.

"వారెంటు అన్నివేళలా అక్కర్లేదు బెహన్," అన్నాడు హిందీలో. "దర్యాప్తు చేసే పోలీసుకు, ఫలానా సొత్తు ఫలానా చోట ఉంది, ఆలస్యమైతే మాయమవుతుంది అని నమ్మకం కుదిరితే, ఆ కారణం రాసిపెట్టి వారెంటు లేకుండానే వెతకవచ్చు. దొంగసొత్తని అనుమానం వస్తే కళ్లముందు కనబడ్డది స్వాధీనం చేసుకోవచ్చు."

"కారణం ముందే రాసి ఉండరు కదా," అంది సుభాషిణి. "తరవాత రాసుకుని ఉంటారు."

"ఉండొచ్చు. వాదిస్తాను. కానీ మన దగ్గర దొరికిన తీరు తప్పయినంత మాత్రాన దొరికింది కొట్టుకుపోదు. అయినా ఇక్కడ ఆ గొడవ కూడా లేదు." ఆయన వజ్రమ్మ వైపు తిరిగాడు. "జమాదారు నాకు వీడియో చూపించాడు. ఆయన వెళ్లిపోతున్నాడు. మీరే పిలిచారు. మీరే తాళం తీశారు. ఇవి కార్ఖానావే అని మీరే రెండుసార్లు చెప్పారు. ఇంటివాళ్లే రమ్మని చూపిస్తే ఇక ఏ కాగితం అడుగుతాం?"

సుభాషిణి వజ్రమ్మ ముఖం చూసింది. "మీరు తెరిచారా?" అంది మెల్లగా. ఆ సంగతి వజ్రమ్మ ఆమెకు చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని తెలియక.

"పోయింది తాకాలు గద సాబ్," అంది వజ్రమ్మ. "మా పెట్టెల ఉన్నయి ముక్కలు."

"తాకాలు కోసి ముక్కలు చేశారని రాశారు."

వజ్రమ్మకు ఏడుపు కన్నా ముందు నవ్వొచ్చింది. మంచి తాకాను మూరెడు మూరెడు కోసి పసుపు రాసి పెట్టెలో పెట్టుకునే దొంగ ఉంటాడా? ఆ మాటే అడిగింది. వకీలు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు.

"నేను నమ్ముతాను. నమ్మాల్సింది నేను కాదు. సేఠ్ కొడుకు మా దగ్గర అలాంటి ఆచారమే లేదన్నాడు. ఉందని మనం చూపించాలి. ఇవన్నీ మీ ఒక్క ఇంట్లోనే ఉంటే అది దొంగసొత్తు దాచిన చోటు. మీవాళ్ల నాలుగిళ్లలో కూడా ఉంటే అది ఆచారం. ఎవరినైనా తీసుకురండి. మనుషులు రాకపోతే మీ ఇంటిది కాని వస్తువు ఒక్కటి తీసుకురండి. ముందు బెయిల్‌కు నిలబడటానికి నాకు కొంచెం నేల కావాలి."

నాలుగిళ్లెందుకు, తాముండే కోసాడ్ ఆవాస్ కాలనీలో మగ్గపోళ్ల ఇళ్లన్నిట్లో ఉన్నాయి అనుకుంది వజ్రమ్మ. బస్సు దిగి నడుస్తుంటే ఖాడీ కాలువ వంతెన దగ్గర తమ బిల్డింగు ఆడవాళ్లు ఇద్దరు ఎదురొచ్చారు. చేతుల్లో ఖాళీ సంచులు. ఎప్పుడూ ఆగి మాట్లాడేవాళ్లు, చూడనట్టు చీర సర్దుకుంటూ పోయారు. వంతెన మీంచి కిందికి చూసింది. నల్లటి నీళ్ల మీద, గుర్రపుడెక్క ఆకుకు చిక్కుకొని, కొసలకు పసుపు ఉన్న గుడ్డలు ఉబ్బి తేలుతున్నాయి.

అయినా ఆమె తలుపులన్నీ తట్టింది. మొండయ్య భార్య మా ఇంట్లో అవేవీ లేవు అంది. ఆమె వెనక గూట్లో, పెట్టె ఉండే చోట, దుమ్ము పట్టని గీత నాలుగు వైపులా కనబడుతూనే ఉంది. వెంకటవ్వ తలుపు తీయకుండానే తలనొప్పి అంది. ఒకామె మాత్రం ఏడ్చింది. ఏడుస్తూనే, "మా ఆయన పేరు చెప్పకే అక్కా, నీ కాళ్లు మొక్కుత," అంది. వజ్రమ్మకు ఎవరి మీదా కోపం రాలేదు. నిన్న జమాదారు చిన్నవ్వ ఇంట్లోంచి పెట్టె మోసుకుపోయి ఉంటే, ఇవాళ ఖాడీ గట్టున సంచితో తానూ ఉండేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

మిగిలింది చిన్నవ్వ ఒక్కతే. చిన్నవ్వ ఇంట్లో పెట్టె ఇప్పుడు ఖాళీ అయినా బొంత ఉంది. ఆమె కొడుకు పరుశురాం వేరే కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. కోడలు హారతి కానుపై మూడో నెల. ఆ పసివాడి బొంతకు బిల్డింగంతా తలా ఒక తొలిమూర ఇచ్చింది. వజ్రమ్మ ఎక్కువే ఇచ్చింది. అందరి పెట్టెలూ పుట్టిన పిల్లలకు పుట్టినట్టే ఖాళీ అవుతుంటే, తన పెట్టె నిండుతూ పోవడం ఆమెకు అలవాటైపోయింది. కుట్టుకోవడానికి ఆమె కడుపున కాయ కాయలేదు. అందుకే జమాదారు ముందు పెట్టె తెరిచినప్పుడు అన్ని మడతలు.

చిన్నవ్వ గడప మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంపుతోంది.

"అత్తా, ఆ బొంత ఒక్కటి ఇయ్యి. వకీలుకు చూపిచ్చి మళ్ల తెస్త. దాంట్ల నాలుగైదు కార్ఖానాల అంచులున్నయి. గిట్ల అందరిండ్లల్ల ఉంటయని తెలుస్తది. మా ఆయనను విడిపిచ్చుకుంట."

చిన్నవ్వ ఈనె తీసిన కాయను గిన్నెలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది.

"ఏ ఇంటికెళ్లి తెచ్చినవని అడగరా?"

"చెప్ప."

"నువ్వు చెప్పవు బిడ్డా. నిన్న సుత నువ్వేం చెప్పాల్ననుకోలేదు. చెప్పినవ్ గద." చిన్నవ్వ గొంతు లేపలేదు. "పరుశురాం ఒక్కని చేతి మీద నలుగురం తింటున్నం. నువ్వు అడిగేది బొంత కాదు, నా కొడుకు తల. నీకు బిడ్డలుంటే ఎరుకుండు."

లోపల పసివాడు నిద్రలో ఏదో గొణిగాడు. ఆ చివరి మాట అనకుండా ఉన్నా చిన్నవ్వ బొంత ఇవ్వనని చెప్పినట్టే ఉండేది. అన్నాక మాత్రం, అడగడానికి వజ్రమ్మ దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

కోర్టు వరండాలో రాజమౌళిని బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక కానిస్టేబులు ఫోను చూసుకుంటున్నాడు. రాజమౌళి గడ్డం పెరిగింది. కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి కొసను అదేపనిగా రాస్తున్నాడు. తెగిన పోగును ముడివేసేటప్పుడు అలా రాస్తాడు. ఇంట్లో టీవీ చూస్తూ కూడా రాస్తుంటే వజ్రమ్మ ఎన్నోసార్లు కసురుకుంది.

"తిన్నవా?" అంది.

"పెడ్తున్నరు."

"కొట్టిండ్రా?"

"పొయ్యిల గ్యాసున్నదా?" అన్నాడు. "టెంపోడు చీరలు కొంటవోయిండా?"

"నేనే తెరిచిన," అంది వజ్రమ్మ. ఈ మాట ఎట్లా చెప్పాలా అని నిన్నటినుంచి తిప్పలు పడింది. చివరికి అది దానంతటదే వచ్చింది. "ఆయన పోతనే ఉండె. నేనే పిలిచి పెట్టె తెరిచిన."

"ఎరికే. సూపిచ్చిండ్రు." ఆమె వైపు చూడకుండా, చిన్నగా అన్నాడు, "మడతలు మంచిగ పెట్టినవ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వజ్రా, ఒక్క ముచ్చట చెప్పు. ఎవల పేర్లు చెప్పలే గద?"

"చెప్పలే."

"చెప్పకు. నేను సుత చెప్పలే. మస్తు అడిగిండ్రు, ఇంకెవలింట్ల ఉన్నయని. చెప్తే నన్ను ఇడుస్తరని సుత అన్నరు." బొటనవేలు కాసేపు ఆగింది. "ఇడువరు. నాతోని ఇంకో నలుగురిని కూసోబెడ్తరు. అంతే."

వకీలు లోపలినుంచి వచ్చాడు. ఇవాళ బెయిల్ రాలేదు, మళ్లీ వేస్తాను అన్నాడు. మీ ఇంటిది కాని వస్తువు ఏమైనా దొరికిందా అని వజ్రమ్మను అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రాజమౌళి అది చూశాడు. కానిస్టేబులు లేవమంటే లేచాడు. పోతూ పోతూ ఇంకేదో అడగబోయి, గ్యాసు సంగతే మళ్లీ అడిగాడు.

ఆ తరవాత రెండురోజులకు, మధ్యాహ్నం వేళ, జమాదారు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. వెనక అదే పడుచు కానిస్టేబులు, నెత్తి మీద రేకు పెట్టె. వరండా పొడుగునా ఒకదాని తరవాత ఒకటిగా తలుపులు మూసుకున్నాయి. టెంపో అతను కొత్త చీరలు తేవడం మానేశాడు. వజ్రమ్మ చేతిలో పని లేక గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"ఈ పెట్టె పంచనామాలో రాయలేదు," అన్నాడు జమాదారు. "గుడ్డలొక్కటే రాశాం. స్టేషన్లో దీన్ని పెట్టే చోటు లేదు. ఉంచుకో. లోపల పెట్టించనా?"

"వద్దు సాబ్. ఈడనే పెట్టుండ్రి."

కానిస్టేబులు పెట్టెను వరండాలో దించాడు. పసుపు బొట్ల మీద ఎవరో చాక్‌పీసుతో నంబరు వేసి, మళ్లీ తుడిచేశారు. జమాదారు నీళ్లడిగాడు. వజ్రమ్మ చెంబు బయటికి తెచ్చి ఇచ్చింది. ఈసారి కూర్చోమనలేదు. గడప ఇవతలే, తలుపుకు అడ్డంగా నిలబడింది. నేర్చుకుంది. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభమో ఆమెకే తెలియదు.

ఆయన నీళ్లు తాగుతూ వరండా కటకటాల వైపు తిరిగాడు. చిన్నవ్వ గుమ్మం ఎదురుగా కటకటాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక చీర, పరుశురాం ప్యాంటు, పసిపిల్లవాడి గుడ్డలు. వాటి చివర, నీళ్లు ఇంకా కారుతూ, బొంత.

పెట్టెలోవన్నీ ఖాడీలో కలిపిన చిన్నవ్వ బొంతను కలపలేదు. దాచను కూడా దాచలేదు. పసివాడు రోజుకు నాలుగుసార్లు తడిపేదాన్ని కార్ఖానా గుడ్డ అని ఎవరనుకుంటారు? ఉతికి, ఎండకు ఆరేసింది. అందంగా ఉంటుందని హారతి గుడ్డల అంచులన్నీ బయటికి వచ్చేలా కుట్టింది. నీలం పోగు అంచు, పసుపు పోగు అంచు. నడుమ, వజ్రమ్మ ఇచ్చిన ముక్కల చుట్టూ, రెండు ఆకుపచ్చ పోగులు, ఒక ఎర్ర పోగు.

జమాదారు చెంబు దించాడు. దగ్గరికి వెళ్లాడు. తడి అంచును రెండు వేళ్లతో పట్టుకొని ఎండకు పెట్టి చూశాడు. దానికి ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు, ఎవరూ రమ్మననక్కర్లేదు. నలుగురూ నడిచే వరండాలో, పట్టపగలు, కంటికి ఎదురుగా వేలాడుతోంది.

వజ్రమ్మ కూడా ఆ అంచులు చూసింది. వకీలు అడిగిన వస్తువు అదే. తన ఇంటిది కానిది. నాలుగైదు కార్ఖానాల అంచులున్నది. పోలీసులే చూశారు, పోలీసులే పట్టుకుంటారు. తాను ఎవరి పేరూ చెప్పినట్టు కాదు. రాజమౌళికి ఇచ్చిన మాట తప్పినట్టూ కాదు. ఆమె చేయాల్సిందల్లా ఊరకుండటం. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే మొగుడు ఇంటికొచ్చేవాడు. ఇవాళ నోరు మూసుకుంటే మళ్లీ వస్తాడేమో.

చిన్నవ్వ గుమ్మం ముందు పరుశురాం చెప్పులున్నాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపల పడుకొని ఉన్నాడు.

"ఇది ఎవరిది?" అన్నాడు జమాదారు, ఆ చెప్పుల వైపు చూస్తూ.

"నాదే సాబ్."

ఆ మాట అన్నది వజ్రమ్మ. జమాదారు వెనక్కి తిరిగాడు.

"నీదా? ఇది చిన్నపిల్లల బొంత. నీకు పిల్లలు లేరన్నారే."

"మోకాళ్ల మీద కప్పుకుంట సాబ్. చలికి నొస్తయి. మా తలుపుకాడ ఎండ పడదని ఈడ ఆరేసిన."

ఆయన నమ్మలేదు. మూసి ఉన్న చిన్నవ్వ తలుపును లాఠీతో మెల్లగా తట్టాడు. తలుపు జానెడు తెరుచుకుంది. సందులో చిన్నవ్వ ముఖం. ఆమె ఎంతసేపటినుంచి తలుపు వెనకే ఉందో.

"మాజీ, ఈ బొంత ఎవరిది?"

చిన్నవ్వ బొంత వైపు చూడలేదు. వజ్రమ్మ వైపు చూసింది. ఇద్దరి మధ్యా కటకటాల నీడలు గచ్చు మీద పడి ఉన్నాయి. వజ్రమ్మ కళ్లతో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది.

"గామెదే," అంది చిన్నవ్వ.

పడుచు కానిస్టేబులు ఫోను తీశాడు. ఇంకోసారి చెప్పమన్నాడు జమాదారు. వజ్రమ్మ చెంగు సరిచేసుకొని, ఫోను వైపు చూసి, గొంతు పెంచి చెప్పింది. బొంత నాది. దాంట్ల గుడ్డలు మా ఆయన తెచ్చినయే. అన్నీ ఆయన తెచ్చినయే. ఈసారి ఒక్క తప్పు లేకుండా హిందీ వచ్చింది.

కింద ఓంప్రకాష్‌ను పిలిచారు. అతను చేతులకు అంటిన పిండి దులుపుకుంటూ వచ్చి, రాసింది చదవకుండా సంతకం పెట్టి దిగిపోయాడు. తడి బొంత మోయడానికి సంచి లేదు. జమాదారు పెట్టె మూత ఎత్తి, నాలుగు మడతలు పెట్టి, బొంతను అందులో పెట్టించాడు. కాసేపు ఆలోచించి, పంచనామాలో ఈసారి పెట్టెను కూడా రాసుకున్నాడు.

కానిస్టేబులు పెట్టెను నెత్తికెత్తుకొని మెట్లు దిగాడు. మూత సందులోంచి కారిన నీళ్లు అతని చొక్కా భుజం మీద, మెట్ల మీద చుక్కలుగా పడ్డాయి. వజ్రమ్మ చెంబులో మిగిలిన నీళ్లు కటకటాల అవతలికి పారబోసింది.

పక్కింట్లో పసివాడు లేచి ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి సముదాయిస్తూ హారతి లోపలినుంచే అడిగింది.

"అత్తా, బొంత ఆరిందా?"

చిన్నవ్వ ఇంకా ఆ తలుపు సందులోనే ఉంది.

"ఇంకా ఆరలే బిడ్డా," అని, తలుపు దగ్గరికి వేసుకుంది.